పక్కింటి పాపకు మూడ్రోజుల్లో తగ్గింది, మా బాబుకు ఆక్సిజన్ ఎందుకు?

ముసురు పట్టిన దగ్గర్నుంచీ ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో సగం దగ్గు, ఆయాసం, నెమ్ము మీదే ఉంటున్నాయి. అది ఏటా ఉండేదే. ఈసారి కొత్తగా చాలామంది ల్యాబ్ రిపోర్టు ఫొటో తీసి పంపి, అందులో ఉన్న వైరస్ పేరేమిటి, దాని పక్కన ఏ, బీ అని ఉన్న అక్షరాలేమిటి అని అడుగుతున్నారు. అందుకే మిగతా ప్రశ్నలు వచ్చే నెలకు వాయిదా వేసి, చంటిపిల్లల నిమోనియా, దాని వెనకుండే వైరస్‌లలోని రకాల గురించి అడిగినవే తీసుకున్నాను. పేర్లు వేయొద్దన్నారు కాబట్టి ఊళ్లు మాత్రమే వేస్తున్నాను.

ప్రశ్న (ఖమ్మం నుంచి ఒక తల్లి): మా బాబుకు ఐదో నెల. జలుబుతో మొదలైంది, మూడో రోజుకి పాలు తాగడం మానేసి డొక్కలు ఎగరేస్తుంటే ఆస్పత్రిలో చేర్చాం. ఐదు రోజులు ఆక్సిజన్ పెట్టారు. 12,000 కట్టి చేయించిన పరీక్షలో ఆర్‌ఎస్‌వీ-ఏ పాజిటివ్, రైనోవైరస్ పాజిటివ్ అని వచ్చింది. పక్కింటి ఏడాదిన్నర పాపకూ ఆర్‌ఎస్‌వీయే అన్నారు, దానికి ముక్కు కారి మూడ్రోజుల్లో తగ్గిపోయింది. మావాడికి పట్టింది ప్రమాదకరమైన రకమా? రెండు వైరస్‌లు ఉండటం వల్ల ముదిరిందా?

జవాబు: బాబు ఇంటికొచ్చి పాలు తాగుతున్నాడు కదా, సగం టెన్షన్ అక్కడే దించేసుకోండి. 

ఆర్‌ఎస్‌వీని (రెస్పిరేటరీ సిన్సీషియల్ వైరస్, చంటిపిల్లల ఊపిరితిత్తులకు దిగేది) 1956లో అమెరికాలో జలుబు చేసిన చింపాంజీల్లో మొదట పట్టుకున్నారు. మరుసటి ఏడాదే రాబర్ట్ చానాక్ బృందం అదే వైరస్‌ను ఊపిరితిత్తుల జబ్బుతో ఉన్న పసిపిల్లల్లో చూసింది. దాని జన్యువులన్నీ కలిపినా సుమారు 15,200 అక్షరాలు, అంతే. ఏ, బీ అని రెండు పెద్ద శాఖలున్నాయి. ఒంటి మీద రెండు ముఖ్యమైన ప్రొటీన్లుంటాయి: మన కణానికి అంటుకోవడానికి జీ, అంటుకున్నాక లోపలికి చొరబడటానికి ఎఫ్. ఏ, బీల మధ్య ఎఫ్ దాదాపు ఒకేలా ఉంటుంది. జీ మాత్రం పోల్చి చూస్తే సగానికి కాస్త ఎక్కువ కలుస్తుందంతే. వేషం మార్చేదంతా జీయే. 2010-11 చలికాలంలో కెనడాలోని ఒంటారియోలో దొరికిన 'ఏ' రకం వైరస్‌లో ఈ జీ జన్యువులో 72 అక్షరాల ముక్క ఒకటి రెండుసార్లు వచ్చి ఉంది. దానికి ఓఎన్1 అని పేరు పెట్టారు. కొన్నేళ్లలోనే ఇండియాతో సహా ప్రపంచమంతా పాకి పాత 'ఏ' రకాలను పక్కకు నెట్టేసింది. బీ శాఖలోనూ ఇలాంటి కథే, 1999లో బ్యూనస్ ఐరిస్‌లో 60 అక్షరాలు రెట్టించుకున్న రకం బయటపడి, అదీ ఇలాగే రాజ్యమేలింది.

మరి ఓఎన్1 వస్తే జబ్బు ముదురుతుందా? సైప్రస్‌లో చూసినవాళ్లు తేలికగానే పోతోందన్నారు, వియత్నాంలోని న్యాట్రాంగ్‌లో చూసినవాళ్లు ఊపిరితిత్తులకు ఎక్కువగా దిగుతోందన్నారు. ఇలా ఒక్కో చోట ఒక్కో మాట వచ్చిందంటే, పిల్లల్ని అటో ఇటో తోసేది వైరస్‌లోని ఆ 72 అక్షరాలు కాదని నేను అర్థం చేసుకుంటాను. మీ రిపోర్టులోని ఏ అన్న అక్షరం ఆ మాత్రం కూడా చెప్పదు. అది శాఖ పేరే, అందులో ఏ కొమ్మో ఆ పరీక్షకు తెలియదు.

తేడా వయసులో ఉంది తల్లీ. పక్కింటి పాపకు ఏడాదిన్నర, అంటే బహుశా ఇది దానికి మొదటి ఆర్‌ఎస్‌వీ కూడా కాకపోవచ్చు, ఎందుకంటే రెండేళ్లు నిండేలోపు దాదాపు పిల్లలందరికీ ఇది ఒక్కసారైనా సోకుతుంది. మీవాడికి ఐదు నెలలు. అమ్మ నుంచి వచ్చిన రక్షణ కరిగిపోయే వయసు, సొంతది ఇంకా రాని వయసు. పైగా ఊపిరితిత్తుల్లో చివరి గొట్టాలు మరీ సన్నం. గొట్టం వ్యాసార్థం సగమైతే గాలికి అడ్డు రెండింతలు కాదు, 16 రెట్లు పెరుగుతుంది. పాప గొట్టంలో కాస్త వాపు, కాస్త కఫం చేరితే దగ్గు వస్తుంది, అంతే వాపు మీవాడి గొట్టంలో వస్తే డొక్కలు ఎగరేస్తాడు. నెలలు నిండకుండా పుట్టినవాళ్లకీ, పుట్టుకతో గుండె జబ్బు ఉన్నవాళ్లకీ ఇంకా కష్టం.

ఇక జలుబు తెచ్చే రైనోవైరస్ సంగతి. బంగ్లాదేశ్, థాయ్‌లాండ్, కెన్యా, జాంబియా, మాలీ, గాంబియా, దక్షిణాఫ్రికాల్లో కలిపి పెర్చ్ అనే పెద్ద అధ్యయనం జరిగింది, ఫలితాలు 2019లో లాన్సెట్‌లో వచ్చాయి. నిమోనియాతో ఆస్పత్రిలో చేరిన నాలుగు వేలకు పైగా పిల్లల్నే కాకుండా, అవే ఊళ్లలో నిమోనియా లేని ఐదు వేలకు పైగా పిల్లల ముక్కుల్లోనూ వెతికారు. నాకు ఈ రెండో పనే ఎక్కువ నచ్చింది. ఎందుకంటే రైనోవైరస్ నిమోనియా లేని పిల్లల ముక్కుల్లోనూ దాదాపు అంతే కనిపించింది. ఆర్‌ఎస్‌వీ అలా కాదు, జబ్బు పిల్లల్లోనే గట్టిగా కనపడింది. ఎక్స్‌రేలో నిమోనియా తేలిన పిల్లల్లో కారణం వైరస్‌లే అని లెక్క తేలింది 61 శాతం, అందులో ఒక్క ఆర్‌ఎస్‌వీదే 31 శాతం. కాబట్టి మీ బాబు విషయంలో దోషి ఎవరంటే నా వేలు ఆర్‌ఎస్‌వీ వైపే. రైనోవైరస్ పాత జలుబు తాలూకుది అయ్యుండొచ్చు, వారాల తరబడి ముక్కులో ఉండిపోతుంది అది.

ఒక మాట మొహమాటం లేకుండా చెప్తాను. ఆ 12,000 పరీక్ష వల్ల మీ బాబు వైద్యంలో మారేది చాలా తక్కువ. ఆక్సిజన్, ముక్కు శుభ్రం చేయడం, ఒంట్లో నీరు తగ్గకుండా చూడటం, రిపోర్టు ఏదొచ్చినా ఇవే. వార్డులో ఏ బిడ్డ పక్కన ఏ బిడ్డను పడుకోబెట్టాలో తేల్చుకోవడానికీ, యాంటీబయాటిక్ ఆపే ధైర్యం డాక్టరుకు ఇవ్వడానికీ పనికొస్తుంది. ఆ రెండూ జరగని చోట అది ఖరీదైన కాగితమే.

ప్రశ్న (తెనాలి నుంచి ఒక అమ్మమ్మ): మా కాలంలో తట్టు ఒకసారి వచ్చి పోతే మళ్లీ వచ్చేది కాదు. మా మనవరాలికి పోయినేడూ ఇదే ఆర్‌ఎస్‌వీ, ఈ ఏడూ ఇదే. ఒక్కసారి వచ్చాక మళ్లీ ఎందుకు వస్తోందయ్యా? మా అమ్మాయి 'మ్యుటేషన్ అమ్మా' అంటుంది, ఏమడిగినా అదే మాట.

జవాబు: అమ్మా, మీ అమ్మాయి చెప్పింది సగం నిజం. రామకోటి రాసేటప్పుడు వేగం పెరిగేకొద్దీ అక్షరాలు తప్పుపోతాయి చూడండి, వెనక్కి చూసి దిద్దుకునే అలవాటు లేకపోతే ఆ తప్పులు పుస్తకంలో అలాగే ఉండిపోతాయి. ఆర్‌ఎస్‌వీ, రైనో లాంటి వైరస్‌లు తమ కాపీలు రాసుకునే తీరు అదే, దిద్దుబాటు లేదు. చాలా తప్పులు వైరస్‌నే చంపేస్తాయి, కొన్ని ఏ తేడా తేవు, ఎప్పుడో ఒకటి కలిసొస్తుంది.

కానీ తట్టు వైరస్ కూడా ఇలాగే తప్పులు రాస్తుంది కదా! అయినా 1954లో ఒక అబ్బాయి నుంచి తీసిన వైరస్ వంశంతో చేసిన టీకాలే ఇవాళ్టికీ మన పిల్లలకు పనిచేస్తున్నాయి. ఎందుకంటే తట్టు వైరస్ ఒంటి మీద మన రక్షణ కణాలు గుర్తుపట్టే భాగాలు మారితే అది కణంలోకి దూరలేదు, మారే వెసులుబాటే దానికి లేదు. జలుబు తెచ్చే రైనోవైరస్‌ది దీనికి పూర్తిగా ఎదురు. 160కి పైగా రకాలున్నాయి, ఒకదానితో వచ్చిన రక్షణ ఇంకోదానికి పెద్దగా అక్కరకు రాదు. అందుకే బడికెళ్లే పిల్లలకు ఏడాదిలో ఇన్నిసార్లు జలుబు.

ఆర్‌ఎస్‌వీ ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది, అసలు తిరకాసు అక్కడే. దీనికి రకాలు మరీ ఎక్కువేం లేవు, అయినా మళ్లీ వస్తుంది. అదే రకం మళ్లీ వస్తుంది! 1991లో అచ్చయిన ఒక అమెరికా ప్రయోగంలో, ఆర్‌ఎస్‌వీ వచ్చి తగ్గిన 15 మంది పెద్దవాళ్ల ముక్కులో అదే శాఖ వైరస్‌ను కావాలని వేసి చూశారు. రెండు నెలలకే సుమారు సగం మందికి మళ్లీ సోకింది. మరి రెండు నెలల్లో వైరస్ మారలేదు కదా. ముక్కు, గొంతు పొరల్లో దీని మీద వచ్చే రక్షణ ఎక్కువ కాలం నిలవదు, తప్పంతా మ్యుటేషన్ మీదికి నెట్టలేం. అయితే రెండోసారి, మూడోసారి వచ్చేది సాధారణంగా మొదటిసారి అంత లోతుకు దిగదు. మీ మనవరాలికి ఈ ఏడు పోయినేటికంటే తేలికగా పోయిందేమో మీ అమ్మాయిని అడిగి చూడండి.

ప్రశ్న (కరీంనగర్): పోయినేడాది జనవరిలో చైనా నుంచి హెచ్‌ఎంపీవీ అనే కొత్త వైరస్ వచ్చిందని టీవీల్లో ఒకటే గోల. ఇప్పుడు దాని ఊసే లేదు. పోయిందా? మళ్లీ వస్తుందా?

జవాబు: పోలేదు, అసలు అప్పుడు రాలేదు కూడా. 2001లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు దీన్ని గుర్తించారు, పూర్తి పేరు హ్యూమన్ మెటాన్యూమోవైరస్. ఇరవై ఏళ్లుగా దాచిపెట్టిన నమూనాల్లో ఏ వైరసో తేలక మిగిలిపోయినవి తిరగేస్తే, 28 మంది పిల్లల్లో ఇది దొరికింది. తర్వాత 1958 నాటి రక్తం నమూనాలు తీసి చూస్తే వాటిలోనూ దీని యాంటీబాడీలున్నాయి. అంటే మన తాతల కాలం నుంచీ ఉన్నదే, పేరు పెట్టడం ఆలస్యమైంది. దీనిలోనూ ఏ, బీ శాఖలున్నాయి, మళ్లీ వాటిలో ఉపశాఖలు, ఆర్‌ఎస్‌వీలాగే జీ జన్యువులో ముక్కలు రెట్టించుకున్న రకాలు కూడా ఉన్నాయి. 2025 జనవరిలో బెంగళూరులో ఇద్దరు శిశువుల్లో ఇది కనపడినప్పుడు వాళ్లు ఏ దేశమూ వెళ్లొచ్చినవాళ్లు కారని కేంద్రం అప్పుడే చెప్పింది, కానీ ఆ వాక్యం స్క్రోలింగ్‌లో ఎవరు చదివారు? వెతికినచోటల్లా దొరికే వైరస్ ఇది. వెతకడం మొదలెట్టిన రోజును అది పుట్టినరోజు అనుకోవడం వల్ల వచ్చిన గొడవ.

ప్రశ్న (విశాఖపట్నం నుంచి ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ విద్యార్థి): సార్, వైద్యం మారనప్పుడు పసిపిల్లల వైరస్‌ల జీనోమ్‌లు చదవడం దేనికి? పేపర్లు రాసుకోవడానికేనా? అసలు ఎలా చదువుతారు?

జవాబు: తమ్ముడూ, ఈ ప్రశ్నకు కొంచెం ఎక్కువ చోటు తీసుకుంటాను, మిగతావాళ్లు ఏమీ అనుకోవద్దు.

పని ఎలా జరుగుతుందంటే, బిడ్డ ముక్కు లోపలి నుంచి దూదిపుల్లతో తీసిన నమూనాను గులాబీ రంగు ద్రవంలో ముంచి ఐసు మీద ల్యాబుకి పంపుతారు. అక్కడ వైరస్ జన్యురాత ఉండే ఆర్‌ఎన్‌ఏ విడదీస్తారు, దాన్ని డీఎన్‌ఏగా మారుస్తారు, ఒకదాని చివర మీద ఇంకొకటి పడేలా ముక్కలు ముక్కలుగా పీసీఆర్‌లో (కాపీలు తీసే పద్ధతి) పెంచుతారు, యంత్రం వాటిని చదివితే కంప్యూటర్ కలిపి కుడుతుంది. వినడానికి సాఫీగానే ఉంటుంది. చేతిలో పడ్డాక తెలుస్తుంది, సీటీ విలువ (ఎన్ని విడతలు పెంచితే వైరస్ కనపడిందో చెప్పే లెక్క) 30 దాటిన నమూనాల్లో వైరస్ తక్కువుండి జీనోమ్ మధ్యలో చిల్లులు పడతాయి. వేషం మార్చిన వైరస్ అయితే మన ప్రైమర్ (కాపీ మొదలవడానికి ముందుగా అంటుకునే చిన్న తునక) అంటుకోవాల్సిన చోటే అక్షరం మారి ఉంటుంది, ఆ ముక్క పెరగదు. అంటే ఏది కొత్తగా ఉందో అదే మన కంటికి కనపడకుండా పోయే ప్రమాదం ఉంది. అందుకే ప్రైమర్లు కొన్నేళ్లకోసారి మళ్లీ రాసుకుంటూ ఉంటారు.

ఇక దేనికి అంటావా, నేను సుప్టావుమాబ్ కథ చెప్తాను. నెలలు నిండకుండా పుట్టిన శిశువులకు ఆర్‌ఎస్‌వీ రాకుండా ఇవ్వడానికి రెజెనెరాన్ కంపెనీ తయారుచేసిన యాంటీబాడీ ఇది. ఎఫ్ ప్రొటీన్ పెద్దగా మారదు కదా అన్న ధీమాతో దాని మీదే గురిపెట్టారు. వెయ్యికి పైగా శిశువులతో మూడో దశ పరీక్ష జరిగింది, 2017లో ఫలితం చూస్తే తుస్సుమంది. విప్పి చూస్తే 'ఏ' శాఖ మీద మందు పనిచేసింది, బీ శాఖ మీద ఏమాత్రం పనిచేయలేదు. ఆ కాలంలో తిరుగుతున్న బీ వైరస్‌ల ఎఫ్ ప్రొటీన్‌లో 172, 173 స్థానాల్లో రెండంటే రెండు అమైనో ఆమ్లాలు మారిపోయి ఉన్నాయి, సరిగ్గా మందు పట్టుకోవాల్సిన చోట. ఇన్నేళ్ల శ్రమ, ఇంత డబ్బు రెండు అక్షరాల దగ్గర ఆగిపోయాయి. బీ రకం జీనోమ్‌లు అన్ని దేశాల నుంచీ, ఎప్పటికప్పుడు, తగినన్ని చదివి ఉంటే మారుతున్న ఆ చోటు ముందే కనపడే అవకాశం ఉండేది. పడక పక్కనున్న డాక్టరుకు జీనోమ్ అక్కర్లేదు, మందు తయారుచేసేవాడికి అది లేకపోతే కళ్లు లేనట్టే.

రెండోది, ఎవరి నుంచి ఎవరికి వస్తోందో తెలుస్తుంది. కెన్యా తీరంలో కిలిఫి అనే జిల్లా ఉంది, అక్కడి ప్రభుత్వాసుపత్రిలో చేరే పిల్లల్లో 2002 నుంచి ఆర్‌ఎస్‌వీని వదలకుండా చూస్తున్నారు. ఓఎన్1 అక్కడ 2012 ఫిబ్రవరిలో మొదటిసారి కనపడింది. జన్యువులు పోల్చి చూస్తే, ఒక సీజన్‌లో వచ్చిన జబ్బంతా ఒకే గొలుసు కాదని, బయటి నుంచి చాలాసార్లు విడివిడిగా వచ్చి చేరుతుందని తేలింది. ఊరికి ఒక దారి మూస్తే ఇంకో దారిన వస్తుందన్నమాట.

మూడోది నాకు చాలా ఆసక్తిగా అనిపించే విషయం. వైరస్‌లో రకాలు తగ్గితే జబ్బు తగ్గుతుందా? ఆస్ట్రేలియాలో కోవిడ్ ఆంక్షల వల్ల 2020 చలికాలంలో ఆర్‌ఎస్‌వీ దాదాపు మాయమైంది. ఆంక్షలు సడలించాక వేసవిలో, అంటే రాకూడని కాలంలో, విరుచుకుపడింది. జీనోమ్‌లు చూస్తే అంతకుముందు ఉన్న రకాలు చాలావరకు తుడిచిపెట్టుకుపోయి, ఓఎన్1 సంతతికి చెందిన ఒకటి రెండు కొమ్మలే మిగిలాయి. ఆ ఒకటి రెండు కొమ్మలే పిల్లల వార్డులు నింపడానికి సరిపోయాయి. ఏడాదిపాటు వైరస్ ముఖం చూడని పిల్లలు అంతమంది పోగయ్యారు కాబట్టి వైవిధ్యం లేకున్నా దాని పని అది చేసుకుపోయింది.

పిల్లలకు నిమోనియా తెచ్చే మరో వైరస్ అడినోవైరస్‌ది ఇంకో తరహా. అది డీఎన్‌ఏ వైరస్, అక్షరం తప్పులు తక్కువ, కానీ రెండు రకాలు ఒకే కణంలో కలిస్తే ముక్కలు మార్చుకుంటాయి. 2023 మొదట్లో పశ్చిమ బెంగాల్‌లో పసిపిల్లలు అడినో నిమోనియాతో ఐసీయూలు నింపేసినప్పుడు, కోల్‌కతాలోని ఐసీఎంఆర్ సంస్థ నైసెడ్ చూస్తే 7, 3 రకాలు కలిసిన సంకర వైరస్ ముందు వరసలో ఉంది. మామూలు పరీక్షలో దీనికి 'అడినోవైరస్ పాజిటివ్' అన్న మాట తప్ప ఇంకేం రాదు.

ఓపిక ఉంటే వైరస్‌ల వంశవృక్షాలు చూపే నెక్స్ట్‌స్ట్రెయిన్ వెబ్‌సైట్ తెరిచి ఆర్‌ఎస్‌వీ చెట్టు చూడు, ఉచితమే. మన దేశం నుంచి చేరిన కొమ్మలు ఎన్నున్నాయో, మన దగ్గర పుట్టే పిల్లలెందరో పక్కపక్కన పెట్టుకుని చూస్తే నీ ప్రాజెక్టుకు విషయం దానంతటదే దొరుకుతుంది.

ప్రశ్న (న్యూజెర్సీ నుంచి): నా భార్యకు నవంబరు చివర్లో డెలివరీ. ఇక్కడి డాక్టరు ఆర్‌ఎస్‌వీ టీకా తను వేయించుకోవాలి, లేదా పుట్టాక బిడ్డకు ఇంజెక్షన్ ఇవ్వాలి, ఏదో ఒకటి ఎంచుకోండి అంటున్నారు. గుంటూరులో మా అమ్మ 'కొత్తగా వచ్చినవి వద్దు నాన్నా, పిల్లలకి నెమ్ము రాకుండా ఉంటుందా' అంటోంది. వైరస్ మారిపోతే ఇవి పనిచేస్తాయా?

జవాబు: మీ అమ్మగారి భయానికి చరిత్రలో ఒక కారణం ఉంది, ఆవిడకు తెలియకపోయినా. 1966లో అమెరికాలో ఫార్మలిన్‌తో చంపిన ఆర్‌ఎస్‌వీ టీకా శిశువులకు వేసి చూశారు. తర్వాత సహజంగా వైరస్ సోకినప్పుడు, టీకా పొందినవాళ్లలో 80 శాతం ఆస్పత్రి పాలయ్యారు, ఇద్దరు చనిపోయారు. ఆ దెబ్బకు దశాబ్దాలపాటు ఈ టీకా జోలికి వెళ్లడానికి అందరూ జంకారు. ఎఫ్ ప్రొటీన్ కణంలోకి దూరక ముందు ఒక ఆకారంలో, దూరాక ఇంకో ఆకారంలో ఉంటుందని, మనకు కావాల్సింది మొదటిదని, దాని రూపం ఇదీ అని 2013లో జేసన్ మెక్‌లెలన్, బార్నీ గ్రాహం వాళ్లు తేల్చాకే దారి దొరికింది. ఇప్పుడు వస్తున్నవన్నీ ఆ మొదటి ఆకారం మీద కట్టినవే, 1966 నాటిదానితో వీటికి చుట్టరికం లేదు. బిడ్డకు ఇచ్చే నిర్సెవిమాబ్ అసలు టీకానే కాదు, తయారుగా ఉన్న యాంటీబాడీ.

తల్లికి వేసే టీకా అమెరికాలో 2023 ఆగస్టులో అనుమతి పొందింది. 32 నుంచి 36 వారాల మధ్య, సెప్టెంబరు-జనవరి నెలల్లో వేస్తారు. మీ లెక్క ప్రకారం అక్టోబరులో పడుతుంది, సమయానికే ఉన్నారు. డెలివరీకి కనీసం 14 రోజుల ముందు పడాలి, లేకపోతే అమ్మ నుంచి బిడ్డకు చేరడానికి వ్యవధి చాలదు. అలా కుదరకపోతే బిడ్డకు నిర్సెవిమాబ్, 5 కిలోల లోపు 50 మిల్లీగ్రాములు, ఒకే ఇంజెక్షన్. ఫ్రాన్స్, జర్మనీ, బ్రిటన్‌లలో చేసిన పరీక్షలో ఆర్‌ఎస్‌వీతో ఆస్పత్రిలో చేరడం 80 శాతానికి పైగా తగ్గింది. మామూలుగా రెండూ కలిపి అక్కర్లేదు, ఏదో ఒకటి చాలు.

వైరస్ మారితే అన్నారు కదా. బీ శాఖలో ఎఫ్ మీద 206, 209 స్థానాల్లో ఇప్పటికే మార్పులొచ్చాయి, నిర్సెవిమాబ్ పట్టుకునే ప్రాంతంలోనే, అయినా మందు పనిచేస్తూనే ఉంది. తప్పించుకునే వైరస్‌లు అక్కడక్కడా దొరుకుతున్నాయి, అరుదుగా. ఇంతమంది పిల్లలకు ఒకే యాంటీబాడీ ఇస్తున్నప్పుడు వైరస్ మీద ఒత్తిడి పెరుగుతుంది, సుప్టావుమాబ్ అనుభవం ఉంది కాబట్టి ఈసారి కళ్లు తెరుచుకునే చూస్తున్నారు. మీ బిడ్డకు వచ్చే ఈ చలికాలం వరకు నేనైతే ఆలోచించను, డాక్టరు చెప్పినట్టు చేసేస్తాను. అమ్మగారు పురుడు పోయడానికి వస్తున్నారనుకుంటా. విమానం దిగిన వెంటనే జలుబుంటే తగ్గేదాకా పిల్లను ముద్దుపెట్టుకోవద్దని కాస్త మెల్లగా చెప్పండి.

ప్రశ్న (పాడేరు నుంచి ఒక ఆశా కార్యకర్త): మా ఊళ్లలో ఈ పరీక్షలేవీ లేవండి. వైరస్సో బ్యాక్టీరియానో మాకెలా తెలుస్తుంది? కొన్ని ఇళ్లల్లో ఇంకా పొట్ట మీద వాతలు పెడుతున్నారు.

జవాబు: తెలియాల్సిన అవసరం లేదమ్మా, మీ దగ్గర ఉన్న సాధనం ఖమ్మం రిపోర్టు కంటే మెరుగైనది. బిడ్డ ఏడవకుండా, పాలు తాగకుండా, నిదానంగా ఉన్నప్పుడు చొక్కా పైకి తీసి పొట్ట, రొమ్ము కదలడం చూస్తూ పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టండి. పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో గుణించొద్దు, చంటిపిల్లలు కాసేపు గబగబా, కాసేపు మెల్లగా ఊపిరి తీస్తారు. రెండు నెలల లోపు బిడ్డకు 60 లేదా ఆపైన, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50 లేదా ఆపైన, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు 40 లేదా ఆపైన ఉంటే అది వేగం. దాంతోపాటు ఊపిరి తీసేటప్పుడు పక్కటెముకల కింద గుంటలు పడుతున్నా, మూలుగుతున్నా, పాలు పట్టకపోయినా, లేపినా లేవనంత మత్తుగా ఉన్నా, ఫిట్స్ వచ్చినా, పెదాలు నీలంగా మారినా ఆలస్యం వద్దు, 108 పిలవండి. రెండు నెలల లోపు బిడ్డకు వేగం ఒక్కటి కనిపించినా ఆస్పత్రికే.

వైరస్ అయితే యాంటీబయాటిక్ ఎందుకని చదువుకున్నవాళ్లు మిమ్మల్ని నిలదీయొచ్చు. వేగంగా ఊపిరి తీస్తున్న బిడ్డను చూసి ఏది వైరస్సో, ఏది న్యూమోకాకస్ అనే బ్యాక్టీరియానో పెద్ద ఆస్పత్రిలోనూ కచ్చితంగా విడదీయడం కష్టం, పైగా వైరస్ పాడుచేసిన ఊపిరితిత్తిలోకి బ్యాక్టీరియా వెనకే దూరుతుంది. అందుకే మీ శిక్షణలో అమాక్సిసిలిన్ ఉంది, పెట్టింది పెట్టినట్టు ఇవ్వండి. ఆరు వారాలకు, 14 వారాలకు, తొమ్మిది నెలలకు పీసీవీ (న్యూమోకాకస్ టీకా) పడిందో లేదో కార్డులో చూడండి, ఉచితంగా వేసేదే.

వాతల గురించి. పెట్టిన అమ్మమ్మను తిట్టి లాభం లేదు, ఆవిడ భయంతో చేస్తుంది. గుంట పడటం ఎలా ఉంటుందో ఆవిడకే చూపించండి, మీరు లేనప్పుడు ఆ బిడ్డ పక్కన ఉండేది ఆవిడే. ముక్కులో నూనె చుక్కలు వేయడం మాత్రం గట్టిగా ఆపించండి, ఆ నూనె ఊపిరితిత్తిలోకి జారి దానంతట అదే ఒక నిమోనియా తెస్తుంది.

ప్రశ్న (నెల్లూరు): ఇంట్లో నలభై రోజుల పాప. పెద్దవాడు యూకేజీ, జలుబుతో వచ్చాడు. వాణ్ణి మా అత్తగారింటికి పంపేయమంటారా?

జవాబు: మీ అనుమానం కరెక్టే. కిలిఫిలోనే ఇళ్లకు వెళ్లి వారానికి రెండుసార్లు ఇంటిల్లిపాది ముక్కుల్లో చూసి మరీ తేల్చారు, పసిపిల్లలకు సోకినవాటిలో సుమారు సగం ఇంట్లోంచే వచ్చాయి, తెచ్చింది ఎక్కువగా అక్కలూ అన్నలే, అందులోనూ బడికెళ్లేవాళ్లు. కానీ వాడికి జలుబు బయటపడేసరికే ఒకటి రెండు రోజులుగా వదులుతూ ఉండొచ్చు కాబట్టి ఇప్పుడు పంపి పెద్దగా ఒరిగేదేం లేదు, వాడు మాత్రం చెల్లెలొచ్చాక నన్ను తరిమేశారని మనసులో పెట్టుకుంటాడు. ఒక వారం వేరే గదిలో పడుకోబెట్టండి. బడి నుంచి రాగానే సబ్బుతో చేతులు, బట్టలు మార్చడం, పాప మొహం దగ్గరికి వెళ్లకుండా కాళ్లు మాత్రం ముట్టుకోనివ్వడం. తల్లిపాలు ఆపొద్దు, మీకు జలుబున్నా సరే, మాస్క్ పెట్టుకుని ఇవ్వండి. పాప ఊపిరి నిమిషానికి 60కి చేరుతోందేమో పొద్దునా రాత్రీ లెక్కపెట్టుకోండి, పాలు సగానికి సగం తగ్గాయంటే లెక్క కూడా అక్కర్లేదు, బయల్దేరండి.